ఉమర్ కాఠిన్యం ఎటు తిరిగింది?

హజ్రత్ ఉమర్ గురించి మనకు ఎక్కువగా వినిపించే కథ ఒకటుంది. ప్రవక్త ముహమ్మద్‌ను చంపేస్తానని కత్తి పట్టుకుని బయలుదేరిన మనిషి, దారిలో సోదరి ఇంట్లో కొన్ని ఖుర్ఆన్ ఆయతులు (వాక్యాలు) చదివి, ఆ పూటే ఇస్లాం స్వీకరిస్తారు. తర్వాత ఖలీఫా, అంటే ప్రవక్త తర్వాత ముస్లింలను పాలించే నాయకుడు అవుతారు. రాత్రిపూట మదీనా వీధుల్లో తిరిగి, ఆకలితో ఉన్న పిల్లల కోసం పిండి బస్తా తన వీపు మీదే మోసుకెళ్తారు. జుమా బయానుల్లో (శుక్రవారం మసీదు ప్రసంగాల్లో), పిల్లల పుస్తకాల్లో, వాట్సాప్ ఫార్వర్డుల్లో ఇదే వరస. గుండె కరిగింది, కరిగాక న్యాయం పుట్టింది అన్నట్టు ఉంటుంది చెప్పే తీరు.

అయితే ఆ రెండు ఘట్టాల మధ్య దాదాపు 18 ఏళ్ళున్నాయి. ఉమర్ ఇస్లాంలోకి వచ్చింది 616 ప్రాంతంలో. ఖలీఫా అయింది 634లో. తొలి ఖలీఫా అబూబక్ర్ మరణశయ్య మీద ఉండి ఉమర్ పేరు ప్రతిపాదించినప్పుడు, ఆయన్ను దగ్గర నుంచి చూసిన సహచరులే కంగారుపడ్డారు. "ఇంత కఠినమైన మనిషిని మా మీద పెట్టి వెళ్తున్నారు, రేపు దేవుడు అడిగితే ఏం చెబుతారు?" అని నిలదీశారు. అంటే 18 ఏళ్ళ నమాజులు, ఉపవాసాలు, యుద్ధాలు, ప్రవక్త సాన్నిహిత్యం, ఇవన్నీ అయ్యాక కూడా ఆ కాఠిన్యం అలాగే ఉంది. కరిగిపోలేదు.

మరి మారింది ఏమిటి? ఆ కాఠిన్యం ఎవరి మీద పడుతోందన్నది మారింది. మొదట్లో అది తనకంటే బలహీనుల మీద పడేది. చివరికి తన మీద, తన ఇంటివాళ్ళ మీద, తన గవర్నర్ల మీద, గెలిచి వచ్చిన సైన్యం మీద పడింది. ఉమర్ పాలనను అర్థం చేసుకోవడానికి ఇదే సరైన దారి అని నేను నమ్ముతాను. ఆయన ఎక్కడ ఓడిపోయారో కూడా ఈ దారిలోనే తెలుస్తుంది.

అలిసిపోయి ఆగిన చెయ్యి

ఉమర్ పుట్టింది 580లలో, మక్కాలో, ఖురైష్ తెగలోని బనూ అదీ వంశంలో. ఖురైష్‌లో ఇది పెద్ద పలుకుబడి ఉన్న శాఖ కాదు. తండ్రి ఖత్తాబ్ చాలా కరకు మనిషి. చాలా ఏళ్ళ తర్వాత, ఖలీఫా హోదాలో ప్రయాణిస్తూ దజ్నాన్ అనే చోటుకి వచ్చినప్పుడు ఉమర్ పక్కనున్నవాళ్ళతో ఈ సంగతి చెప్పుకున్నారు. ఇక్కడే ఉన్ని చొక్కా వేసుకుని తండ్రి ఒంటెలు కాసేవాణ్ణని, పని చేస్తే ఒళ్ళు హూనమయ్యేలా చేయించేవాడని, చేయకపోతే కొట్టేవాడని, ఇవాళ తనకూ దేవుడికీ మధ్య తనమీద పెత్తనం చేసేవాళ్ళెవరూ లేరని. ఆ ఖత్తాబే, విగ్రహారాధన మానేసి ఏకేశ్వరుణ్ణి వెతుక్కున్న తన అన్నదమ్ముల బిడ్డ జైద్‌ను మక్కాలో ఉండనివ్వకుండా వేధించాడు. కొత్త విశ్వాసం పట్టినవాళ్ళను హింసించడం ఆ ఇంట్లో ఒక తరం ముందే మొదలైందన్నమాట.

ఇస్లాం వ్యాపించడం మొదలయ్యాక ఉమర్ అదే చేశారు. బనూ అదీ వంశానికే చెందిన ఒక శాఖలో ఇస్లాం స్వీకరించిన బానిస స్త్రీ ఉండేది. ఆమెను ఉమర్ కొట్టి, కొట్టి, ఆగి అనేవారట: "అలిసిపోయాను కాబట్టి ఆపుతున్నాను, వేరే కారణం లేదు." చివరికి ఆమెను అబూబక్ర్ కొని విడుదల చేశారు. ఉమర్‌ను గౌరవించే చాలామంది ఈ సంఘటన చెప్పరు. చెప్పాలి. ఆ చెయ్యి ఎక్కడ మొదలైందో తెలియకపోతే, ఎక్కడిదాకా వచ్చిందో ఎలా తెలుస్తుంది? పైగా దీన్ని రాసిపెట్టింది శత్రువులు కాదు, ప్రవక్త జీవితాన్ని తొలిసారి సమగ్రంగా గ్రంథస్థం చేసిన ఇబ్న్ ఇస్‌హాఖ్.

మార్పు ఒక్క పూటలో వచ్చిందా అన్నదానికి కూడా ఇబ్న్ ఇస్‌హాఖ్ దగ్గరే జవాబు దొరుకుతుంది. 615 ప్రాంతంలో కొందరు ముస్లింలు హింస భరించలేక అబిసీనియాకు (నేటి ఇథియోపియా ప్రాంతం) వలసపోతున్నారు. మూటలు సర్దుకుంటున్న ఒక స్త్రీ దగ్గరికి ఉమర్ వచ్చి, "వెళ్ళిపోతున్నారా?" అని అడిగారు. "మీరు పెట్టే బాధలు పడలేక పోతున్నాం" అని ఆమె చెప్పింది. ఉమర్ మెల్లగా, "దేవుడు మీకు తోడుండుగాక" అని వెళ్ళిపోయారు. ఆ గొంతులో అంతకుముందెన్నడూ చూడని దిగులు ఆమెకు కనిపించింది. భర్త రాగానే, ఈ మనిషి మారేట్టున్నాడని చెప్పింది. "ఖత్తాబ్ గాడిద ముస్లిం అయినా అవుతుంది గానీ ఇతను అవడు" అని ఆయన కొట్టిపారేశారు.

ఇక ఆ మార్పు ఘట్టానికి రెండు కథనాలున్నాయి. అందరికీ తెలిసినది కత్తి కథ. దారిలో ఎదురైన వ్యక్తి, "ముందు నీ ఇల్లు చక్కబెట్టుకో, నీ సోదరి ఫాతిమా, ఆమె భర్త సయీద్ ముస్లింలయ్యారు" అన్నాడు. ఈ సయీద్ ఎవరో కాదు, ఖత్తాబ్ వేధించిన జైద్ కొడుకే. ఉమర్ లోపలికి దూసుకెళ్ళి సయీద్ మీద పడ్డారు, అడ్డొచ్చిన ఫాతిమాను కొట్టారు, ఆమెకు రక్తం కారింది. "అవును, మేం ముస్లింలమయ్యాం, నీ ఇష్టమొచ్చింది చేసుకో" అని ఆమె ఎదురు నిలిచింది. ఆ రక్తం చూసి ఆయన సిగ్గుపడ్డారు. చదువుతున్న పత్రం చూపించమన్నారు. స్నానం చేసి వస్తేనే ఇస్తానని ఆమె చెప్పింది. ఖుర్ఆన్‌లోని తాహా సూరా (అధ్యాయం) మొదటి ఆయతులు చదివారు, అక్కణ్ణించి సఫా కొండ దగ్గర ప్రవక్త ఉన్న అర్ఖమ్ ఇంటికి వెళ్ళారు.

రెండో కథనంలో కత్తీ లేదు, సోదరీ లేదు. ఒక రాత్రి తాగుడు స్నేహితుల కోసం వెతికితే ఎవరూ దొరకలేదు, కాబా దగ్గరికి వెళ్ళారు. ప్రవక్త నమాజు చేస్తుంటే కాబా మీద కప్పిన గుడ్డ చాటున నిలబడి ఖుర్ఆన్ విన్నారు, కన్నీళ్ళు వచ్చాయి. ఇబ్న్ ఇస్‌హాఖ్ రెండూ రాసి, ఏది నిజమో దేవుడికే తెలుసని వదిలేశారు.

నాకు మొదటి కథనంలో ముఖ్యమనిపించేది తాహా సూరా కంటే ముందు వచ్చే క్షణం. బానిస స్త్రీ దగ్గర ఆ చెయ్యి ఆగింది అలసటతో. సోదరి దగ్గర ఆగింది సిగ్గుతో. అంత పెద్ద మార్పులో మొదటి అడుగు ఇదే అయివుండాలి. తను కొట్టిన మనిషి ముఖం కేసి చూడగలగడం. సోదరి కాబట్టి చూడగలిగారు. బానిస ముఖాన్ని చూడటానికి ఇంకా చాలా కాలం పట్టింది, అది పూర్తిగా సాధ్యమైందా అన్న ప్రశ్న ఆయన హత్య దాకా వెంటాడుతుంది.

ముస్లిం అయ్యాక కూడా ఆయన మెత్తబడలేదు. 628లో హుదైబియా దగ్గర మక్కా వాళ్ళతో ప్రవక్త ఒప్పందం చేసుకుంటే, "మనం సత్యం మీద లేమా? మరెందుకు తలొంచాలి?" అని ప్రవక్తనే నిలదీశారు. ఆ ఒప్పందమే మేలు చేసిందని తేలాక, ఆ రోజు అన్న మాటలకు ప్రాయశ్చిత్తంగా ఏళ్ళ తరబడి ఉపవాసాలున్నానని, దానాలు చేశానని, బానిసల్ని విడుదల చేశానని చెప్పుకునేవారు. 632లో ప్రవక్త కన్నుమూసినప్పుడు ఆ వార్త నమ్మక, చనిపోయారన్నవాళ్ళను బెదిరించారు. అబూబక్ర్ వచ్చి "ముహమ్మద్ ప్రవక్త మాత్రమే, ఆయనకు ముందూ ప్రవక్తలు గతించారు" అనే ఆయతు చదివేసరికి కాళ్ళలో సత్తువ పోయి కూలబడ్డారు. ఎంత గట్టిగా నమ్మినా తను పొరబడొచ్చని ఇలా నలుగురిలో రెండుసార్లు తెలిసొచ్చింది. ఆయన పాలనలో కనిపించే జాగ్రత్తకు వేళ్ళు ఇక్కడే ఉన్నాయనిపిస్తుంది.

రాత్రి విన్న ఏడుపు

ఉమర్ కాఠిన్యం గురించి ఫిర్యాదు చేసినవాళ్ళకు అబూబక్ర్ చెప్పిన జవాబు చాలా లోతైనది. "నేను మెత్తగా ఉన్నాను కాబట్టి అతను గట్టిగా ఉంటున్నాడు. భారం తన మీద పడితే చాలావరకు వదిలేస్తాడు" అన్నారు. ఖలీఫా అయ్యాక ఉమర్ తొలి ప్రార్థన కూడా ఇదే చెబుతుంది: "దేవా, నేను కఠినుణ్ణి, నన్ను మెత్తబరచు. బలహీనుణ్ణి, బలమివ్వు. పిసినారిని, ఉదారుణ్ణి చెయ్యి."

ఆయన పాలించిన పదేళ్ళలో అరబ్బులు సిరియా, ఇరాక్, ఈజిప్టు, ఇరాన్‌లో పెద్దభాగం గెలిచారు. మదీనాకు ఎన్నడూ చూడనంత డబ్బు వచ్చిపడింది. దాన్ని పంచడానికి ఉమర్ దీవాన్ అనే జాబితా పెట్టించారు. ఎవరెవరికి ఏడాదికి ఎంత భృతి ఇవ్వాలో పేర్లతో సహా రాసే పుస్తకం. రాసేవాళ్ళు ప్రవక్త వంశంతో మొదలుపెట్టి, తర్వాత అబూబక్ర్ వాళ్ళను, ఆ తర్వాత ఉమర్ వాళ్ళను రాశారు. ఉమర్ ఒప్పుకోలేదు. ప్రవక్తకు ఎవరు ఎంత దగ్గరి చుట్టాలో ఆ వరసలో రాయండి, ఉమర్ ఎక్కడ పడితే అక్కడే రాయండి అన్నారు. బనూ అదీ పెద్దలు వచ్చి, రాసినట్టే ఉంచొచ్చు కదా అని అడిగితే, "నా వీపు మీద కూర్చుని తిందామనుకుంటున్నారా?" అని పంపేశారు. భృతుల్లో సొంత కొడుకు అబ్దుల్లాకు ఉసామా కంటే తక్కువ ఇచ్చారు. ఉసామా, ప్రవక్త విడుదల చేసిన బానిస కొడుకు. ఎందుకని అబ్దుల్లా అడిగితే, "ప్రవక్తకు నీకంటే అతనంటే ఎక్కువ ఇష్టం, నీ తండ్రి కంటే అతని తండ్రి అంటే ఎక్కువ ఇష్టం" అని చెప్పారు.

ఈ దీవాన్‌లోనే పిల్లలకూ ఒక పద్దు ఉండేది. పాలు మానిన పిల్లలకు మాత్రమే భృతి అని నియమం. వినడానికి సబబుగానే ఉంటుంది. పాలు తాగే బిడ్డకు వేరే తిండి ఖర్చు ఉండదు కదా.

ఒకసారి మదీనా బయట వ్యాపారుల బిడారు దిగింది. రాత్రి దొంగల భయం లేకుండా కాపలా కాద్దామని ఉమర్, అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్‌ను వెంటబెట్టుకుని వెళ్ళారు. ఒక పసిబిడ్డ ఏడుపు వినిపించింది. వెళ్ళి తల్లితో, బిడ్డను సరిగ్గా చూసుకోమ్మా అన్నారు. తిరిగొచ్చారు. మళ్ళీ ఏడుపు. మళ్ళీ వెళ్ళారు. రాత్రి చివరి జాములో మూడోసారి వెళ్ళి, "ఏం తల్లివమ్మా నువ్వు, రాత్రంతా నీ బిడ్డకు కుదురు లేదు" అని కోప్పడ్డారు. తన ముందున్నది ఎవరో తెలియని ఆ తల్లి విసుగ్గా చెప్పింది: "రాత్రంతా నన్ను విసిగిస్తున్నావయ్యా. పాలు మాన్పిస్తున్నాను, వాడు మానట్లేదు." ఇంత తొందరగా ఎందుకు అని అడిగారు. "పాలు మానిన పిల్లలకే ఉమర్ భృతి ఇస్తాడు కదా" అంది.

తెల్లవారు నమాజులో ఆయన ఏడుపుకి జనానికి ఖుర్ఆన్ పఠనం అర్థం కాలేదట. నమాజు అవగానే, "ఉమర్ ఎంతమంది ముస్లింల పిల్లల్ని చంపేశాడో!" అన్నారు. భృతి కోసం పిల్లలకు తొందరపడి పాలు మాన్పించొద్దని చాటింపు వేయించారు. పుట్టిన ప్రతి బిడ్డకూ భృతి అని ఆదేశం అన్ని ప్రాంతాలకూ పంపారు.

ఈ కథను సాధారణంగా ఉమర్ దయకు ఉదాహరణగా చెబుతారు. నేను ఇంకోలా చదువుతాను. దయ ఉన్న పాలకుడు ఆ తల్లికి నాలుగు దిర్హములు (వెండి నాణేలు) ఇచ్చి వచ్చేసేవాడు. ఉమర్ ఆ రాత్రి మొదట కోప్పడింది తల్లి మీద. తప్పు తల్లిది కాదు, తను రాసిన నియమానిది అని తెలియగానే, ఆ కోపం మొత్తం తన మీదికి తిప్పుకుని, నియమాన్నే మార్చేశారు. మంచి ఉద్దేశంతో పెట్టిన రూలు కింద ఎక్కడో ఎవరి పసిబిడ్డ గొంతు ఎండగడుతోందో పైవాళ్ళకు తెలియడం ఏ కాలంలోనైనా చాలా కష్టం. తెలిశాక దాన్ని 'అక్కడక్కడా జరిగే పొరపాటు' అని కొట్టిపారేయకుండా, నేను చంపాను అనుకోవడం ఇంకా కష్టం.

639లో వచ్చిన కరువులోనూ ఇదే పట్టుదల. దానికి బూడిద సంవత్సరం అని పేరు. వానల్లేక నేల రంగు అలా మారిపోయిందట. ఎడారి తెగలన్నీ మదీనా చుట్టూ వచ్చి వాలాయి. జనానికి దొరికే దాకా నెయ్యి, మాంసం ముట్టనని ఉమర్ ఒట్టు పెట్టుకున్నారు. నూనెతో రొట్టె తిని తిని ఆయన ఒళ్ళు నల్లబడింది. కడుపు గుర్రుమంటే, "ఎంత అరిచినా జనం తినేదాకా నీకు నూనే గతి" అని వేలితో పొడుచుకునేవారట. ఆ ఏడాది దొంగతనానికి చేతులు నరికే శిక్ష ఆపేశారు, జకాత్ (ముస్లింలు తప్పనిసరిగా ఇవ్వాల్సిన దానం) వసూలు వాయిదా వేశారు. ఆకలితో దొంగిలించినవాణ్ణి శిక్షించే ముందు, ఆకలి ఎందుకుందో పాలకుడు జవాబు చెప్పాలి అన్న ఆలోచన ఆ నిర్ణయం వెనక ఉంది.

గెలిచిన సైన్యానికి కాదని చెప్పడం

ఉమర్ న్యాయం గురించి మాట్లాడుకునేటప్పుడు పిండి బస్తాలు గుర్తొచ్చినంతగా ఇరాక్ భూములు గుర్తురావు. నా లెక్కలో మాత్రం ఆయన తీసుకున్న అన్నిటికంటే పెద్ద నిర్ణయం అదే.

యుద్ధంలో దొరికిన సొత్తులో ఐదో వంతు ప్రజాధనం, మిగతా నాలుగు వంతులు సైనికులవి అని నియమం. ఖైబర్ భూముల్ని ప్రవక్త కాలంలో అలాగే పంచారు. ఇప్పుడు సైన్యం చేతికొచ్చింది ఇరాక్‌లోని సవాద్, టైగ్రిస్, యూఫ్రటీస్ నదుల మధ్య మాగాణి. దాన్ని మా మధ్య పంచండి, దున్నేవాళ్ళతో సహా పంచండి అని సైనికులు అడిగారు. ఆచారం వాళ్ళ వైపే ఉంది. అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్, జుబైర్, బిలాల్ లాంటి పెద్ద సహచరులు కూడా అదే పట్టుబట్టారు.

ఉమర్ ప్రశ్న ఒకటే. ఇవాళ పంచేస్తే రేపు పుట్టేవాళ్ళకు ఏం మిగులుతుంది? సరిహద్దుల్ని కాసేవాళ్ళకు జీతాలెక్కడివి? వితంతువులకు, అనాథలకు ఎక్కణ్ణించి తెచ్చి ఇవ్వాలి? రోజుల తరబడి వాదన నడిచింది. తన మాటే చెల్లించుకునే అధికారం ఉన్నా, అన్సార్‌లలో, అంటే ప్రవక్తకు అండగా నిలిచిన మదీనావాసుల్లో, ఔస్ తెగ నుంచి ఐదుగురిని, ఖజ్రజ్ నుంచి ఐదుగురిని పిలిచి, "నేనూ మీలో ఒకణ్ణే, నాకిష్టమైందే మీరు చెప్పాలని లేదు" అని ముందే చెప్పి విషయం వాళ్ళ ముందుంచారు. చివరికి హష్ర్ సూరాలో, సొత్తులో హక్కున్నవాళ్ళను వరసగా చెబుతూ "వారి తర్వాత వచ్చేవాళ్ళు" అన్న మాట ఆయనకు ఆధారం అయింది. ఇంకా పుట్టని వాళ్ళకు కూడా ఈ భూమిలో వాటా ఉందని తేల్చారు.

భూమి దున్నేవాళ్ళ చేతుల్లోనే ఉంది. సైన్యానికి భూమి బదులు భృతి. రైతు కట్టే శిస్తుకు ఖరాజ్ అని పేరు. ఉస్మాన్ బిన్ హునైఫ్ సర్వే చేస్తే 3 కోట్ల 60 లక్షల జరీబులు (అప్పటి భూమి కొలత) తేలింది. ఒక కథనం ప్రకారం జరీబు గోధుమకు 4 దిర్హములు, బార్లీకి 2 దిర్హములు. ఇందులో రాజకీయ లెక్క లేదని కాదు. భూములు చేతికొస్తే సైనికులు జమీందార్లై చెల్లాచెదురైపోతారు. భృతి మీద ఉంటే కూఫా, బస్రా లాంటి కొత్త సైనిక పట్టణాల్లో కట్టుగా ఉంటారు. పన్ను నేరుగా ఖజానాకు వస్తుంది. ఇంకో సంగతి కూడా మరిచిపోకూడదు. ఈ చర్చను వివరంగా రాసిన వాళ్ళలో అబూ యూసుఫ్ అనే న్యాయవేత్త ముఖ్యుడు. ఆయన రాసింది ఒకటిన్నర శతాబ్దం తర్వాత, ఖలీఫా హారూన్ రషీద్ కోసం. తన కాలపు పాలకుడికి బుద్ధి చెప్పడానికి ఉమర్‌ను ఉదాహరణగా నిలబెట్టారు కాబట్టి, ఆ చిత్రం కొంత నునుపుదేరి ఉండొచ్చు. అయినా నిర్ణయం మాత్రం చరిత్రలో జరిగిందే. గెలిచిన సైన్యానికి, సొంత మిత్రులకు లేదని చెప్పడం మామూలు విషయం కాదు.

గవర్నర్ల సంగతి కొంచెం తొందరగా చెబుతాను, ఎందుకంటే ఇది చాలామందికి తెలుసు. పదవి ఇచ్చేముందు ఆస్తి లెక్క రాయించుకునేవారు, అనుమానం వస్తే సగం ఖజానాకు జమ చేయించేవారు. కూఫాలో సాద్ బిన్ అబీ వఖాస్ తన భవనానికి తలుపు పెట్టించి జనాన్ని దూరం పెడుతున్నాడని తెలిస్తే, ముహమ్మద్ బిన్ మస్లమా అనే తనిఖీదారును పంపి ఆ తలుపు తగలబెట్టించారు. పర్షియన్ల మీద ఖాదిసియా యుద్ధం గెలిచిన సేనాపతి ఆ సాద్. ఖాలిద్ బిన్ వలీద్ లాంటి వీరుణ్ణి కూడా తొలగించి, కోపంతోనో ద్రోహం చేశాడనో కాదు, జనం విజయాన్ని అతని మీదే నమ్ముకుంటున్నారని వివరణ పంపారు. ఈజిప్టు గవర్నర్ కొడుకు కొట్టిన కాప్టిక్ (ఈజిప్టు క్రైస్తవ) యువకుడికి కొరడా ఇచ్చి తిరిగి కొట్టమన్న కథ, "తల్లులు స్వేచ్ఛగా కన్నవాళ్ళను మీరెప్పుడు బానిసలు చేసుకున్నారు?" అన్న మాట బాగా ప్రచారంలో ఉన్నాయి గానీ, దాన్ని చెప్పిన వాళ్ళ వరస గట్టిది కాదు. దాని మీద ఎక్కువ భారం మోపకపోవడమే మంచిది.

ఇంటివాళ్ళతో ఆయన తీరు మాత్రం బాగా నమోదైంది. ఏదైనా నిషేధించినప్పుడు ముందు కుటుంబాన్ని కూర్చోబెట్టి చెప్పేవారు: "పక్షులు మాంసం వైపు చూసినట్టు జనం మీ వైపు చూస్తారు. మీలో ఎవరైనా తప్పు చేసి దొరికితే రెట్టింపు శిక్ష."

జెరూసలేంలో పవిత్ర సమాధి చర్చి లోపల నమాజు చేయమని అక్కడి క్రైస్తవ మతాధిపతి (పాత్రియార్క్) సొఫ్రోనియస్ అడిగితే, ఉమర్ బయటికి వచ్చి మెట్ల దగ్గర చేశారని ఒక క్రైస్తవ చరిత్రకారుడే పదో శతాబ్దంలో రాశారు. లోపల చేస్తే, ఉమర్ నమాజు చేసిన చోటు అని రేపు మావాళ్ళు లాక్కుంటారు అన్నది ఆయన చెప్పిన కారణం. తన చేతల్ని తర్వాతి వాళ్ళు ఎలా వాడుకుంటారో కూడా లెక్కలోకి తీసుకునే ఆలోచన అది.

అందని చోట్లు

ఉమర్ గురించి ముస్లింలందరి చూపూ ఒకటి కాదు. ప్రవక్త తర్వాత నాయకత్వం ఆయన అల్లుడు అలీదేనని నమ్మే షియాలు అబూబక్ర్, ఉమర్ ఖలీఫాలైన తీరునే ఒప్పుకోరు. ఆ వాదన వెనక పద్నాలుగు శతాబ్దాల బాధ ఉంది, దాన్ని రెండు వాక్యాల్లో తేల్చేయడం అన్యాయం. నేను ఇక్కడ చూస్తున్నది ఆయన పాలన సొంత కొలబద్ద మీద ఎక్కడ తగ్గిందన్నది.

మొదటిది దీవానే. అబూబక్ర్ అందరికీ సమానంగా పంచారు. ఉమర్ అంతస్తులు పెట్టారు. ముందుగా ఇస్లాంలోకి వచ్చినవాళ్ళకు, ప్రవక్తకు దగ్గరివాళ్ళకు ఎక్కువ. తొలి పెద్ద యుద్ధమైన బద్ర్‌లో పోరాడినవాళ్ళకు ఏడాదికి 5,000 దిర్హములు, ప్రవక్త సతీమణి ఆయిషాకు 12,000, కింది వరస సైనికులకు కొన్ని వందలే. "ప్రవక్తకు వ్యతిరేకంగా యుద్ధం చేసినవాణ్ణీ, ప్రవక్త పక్కన యుద్ధం చేసినవాణ్ణీ ఒకేలా చూడలేను" అన్నది ఆయన వాదన. ఏళ్ళు గడిచేకొద్దీ ఈ తేడా కొందరి ఇళ్ళల్లో పెద్ద సంపదగా పేరుకుంది. బతికుంటే వచ్చే ఏడాది అందరినీ సమానం చేస్తానని ఉమర్ చివర్లో అన్నట్టు కథనాలున్నాయి. పాలు మాన్పించే నియమంలో ఒక్క రాత్రిలో కనిపించిన తప్పు, ఈ నియమంలో కనబడటానికి పదేళ్ళు పట్టింది.

రెండోది బానిసత్వం. యుద్ధఖైదీలతో మదీనా నిండిపోయింది. ముగీరా బిన్ షోబా అనే సహచరుడి దగ్గర అబూలూలూ అనే పర్షియన్ బానిస ఉండేవాడు. వడ్రంగం, కమ్మరం, చెక్కడం పని తెలిసినవాడు. సంపాదనలో రోజుకు ఇంత అని యజమానికి కట్టాలి. ఆ భారం ఎక్కువైందని ఉమర్ దగ్గరికొచ్చి మొరపెట్టుకున్నాడు. ఇన్ని పనులు తెలిసినవాడికి ఇది ఎక్కువేం కాదు అని ఉమర్ అన్నారు. 644 నవంబరులో, తెల్లవారు నమాజులో, అతను రెండంచుల కత్తితో ఉమర్‌ను పొడిచాడు. హత్యకు సమర్థన లేదు. కానీ బిడ్డ ఏడుపు వెంట మూడుసార్లు నడిచిన మనిషికి ఈ ఫిర్యాదు ఒక్కసారికే చాలనిపించింది. తన చేత దెబ్బలు తిన్న మక్కా బానిస స్త్రీ నుంచి ఇక్కడిదాకా చాలా దూరం వచ్చారు, అయినా బానిస మాట దగ్గరే ఆ చెవి కొంత మూసుకుపోయింది. ఆ వ్యవస్థనే ప్రశ్నించే మాట ఆ కాలంలో చాలా అరుదన్నది నిజమే. ఉమర్‌ను కొలిచేటప్పుడు నేను కాలాన్ని కాక ఉమర్‌నే కొలబద్దగా పెట్టుకుంటాను, ఆయనే అలా కొలుచుకున్నారు కాబట్టి.

హత్యకు నాలుగు రోజుల ముందు సవాద్ సర్వే చేసినవాళ్ళను ఆపి, "భూమి మోయలేనంత శిస్తు వేశారా?" అని అడిగారు. లేదని వాళ్ళు చెప్పాక కూడా మళ్ళీ చూసుకోండి అన్నారు. "దేవుడు నన్ను బతకనిస్తే, ఇరాక్ వితంతువులు నా తర్వాత ఇంకెవరి దగ్గరా చెయ్యి చాచాల్సిన అవసరం లేకుండా చేస్తాను" అన్నారు. పొడిచాక మంచం మీద కొడుకుతో అప్పుల లెక్క చూపించారు. 86,000 దాకా తేలింది. ముందు నా ఆస్తి నుంచి, చాలకపోతే బనూ అదీ నుంచి, ఇంకా చాలకపోతే ఖురైష్ నుంచి తీర్చమన్నారు. తర్వాతి ఖలీఫాను ఎన్నుకోవడానికి ఆరుగురి సభ వేసి, కొడుకు సలహా చెప్పొచ్చు గానీ పదవిలో అతనికి వాటా లేదని తేల్చారు. రక్షణలో ఉన్న ముస్లిమేతరులకు ఇచ్చిన మాట నిలుపుకోవాలని, వాళ్ళ తరఫున పోరాడాలని, శక్తికి మించిన భారం వేయొద్దని తర్వాతి పాలకుడికి రాసిపెట్టారు.

ముని మనవడి వంతు

ఆ ఏర్పాటు ఎంత మటుకు వ్యక్తి మీద ఆధారపడిందో త్వరలోనే తేలిపోయింది. మూడో ఖలీఫా ఉస్మాన్ 656లో తిరుగుబాటుదారుల చేతిలో హతమయ్యారు, అంతర్యుద్ధం వచ్చింది, 661 నుంచి డమాస్కస్‌లో ఉమయ్యద్ వంశం రాజరికంలా పాలించింది. 717లో ఆ వంశంలోనే ఇంకో ఉమర్ గద్దెనెక్కారు. ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్. ఈయన తల్లి, తొలి ఉమర్ కొడుకు ఆసిమ్ కూతురు.

ఈయన మార్పు కథ వేరు, మూలం మాత్రం అదే. యవ్వనంలో ఖరీదైన బట్టలు, అత్తర్లు, ఠీవిగా నడిచే నడక. మదీనా గవర్నర్‌గా ఉండగా, ఖలీఫా వలీద్ ఆజ్ఞ మేరకు ఖుబైబ్ అనే వ్యక్తిని కొరడాలతో కొట్టించి, చలిరోజున చల్లటి నీళ్ళు పోయించారు. అతను చనిపోయాడు. ఆ పశ్చాత్తాపం బతికినన్నాళ్ళూ పోలేదు. మంచి పని చేశారని ఎవరైనా పొగిడితే, "మరి ఖుబైబ్ సంగతి?" అనేవారట. ఇక్కడ కూడా తన చేతి కింద నలిగిన మనిషి నుంచే మార్పు మొదలైంది.

గద్దెనెక్కగానే ఆయన కాఠిన్యం చూపింది తన వంశం మీదే. రాజకుటుంబం ఆక్రమించిన ఆస్తులు వెనక్కి ఇప్పించారు, ఫదక్ తోటను ప్రవక్త కుమార్తె ఫాతిమా వారసులకు అప్పగించారు, మసీదు వేదికల మీద నుంచి అలీని తిట్టే ఆచారాన్ని ఆపేశారు. భార్య, ఖలీఫా కూతురైన ఫాతిమా, తన నగలు ఖజానాకు ఇచ్చేశారు.

ముత్తాత దీవాన్‌లో మిగిలిపోయిన పగులు ఆయన ముందుకే వచ్చింది. రాజ్యానికి తూర్పు కొసనున్న ఖురాసాన్ నుంచి వచ్చిన బృందంలో ఒకడు చెప్పాడు: అక్కడ 20,000 మంది అరబ్బేతర ముస్లింలు జీతం, రేషన్ లేకుండా యుద్ధాలు చేస్తున్నారు, ఇంచుమించు అంతే మంది ఇస్లాంలోకి వచ్చినా పన్ను కడుతూనే ఉన్నారు. మతం మారినా జిజ్యా (ముస్లిమేతరులు కట్టాల్సిన తలపన్ను) పోదు, ఎందుకంటే పోతే ఖజానా ఖాళీ అవుతుందని అధికారుల టెన్షన్. ఉమర్ వాళ్ళ నుంచి జిజ్యా వసూలు ఆపించారు. ఖురాసాన్ గవర్నర్ జర్రాహ్‌ను తప్పించారు. ఆదాయం పడిపోతుందన్న ఇంకో అధికారికి, "దేవుడు ముహమ్మద్‌ను పంపింది దారి చూపడానికి, పన్నులు వసూలు చేయడానికి కాదు" అని రాశారు.

ఆయన పాలించింది రెండున్నరేళ్ళు. 720లో, ఇంకా నలభై నిండకుండానే చనిపోయారు. తర్వాత వచ్చిన రెండో యజీద్ కాలంలో ఆ సంస్కరణలు చాలావరకు వెనక్కి పోయాయి. అరబ్బేతర ముస్లింల మీద పన్ను మళ్ళీ పడింది. 747లో అదే ఖురాసాన్‌లో అబూ ముస్లిం ఉమయ్యద్‌ల మీద తిరుగుబాటుగా నల్ల జెండా ఎత్తినప్పుడు, ఆ జెండా కిందికి చేరినవాళ్ళలో అరబ్బేతర ముస్లింలు పెద్ద సంఖ్యలో ఉన్నారు. 750 నాటికి ఉమయ్యద్ రాజ్యం కూలిపోయింది.